పై అంతస్తు సెగకు ఇన్సులేషన్: స్లాబ్ పైనా, కిందా? ఎంత మందం, ఎన్ని షీట్లు?

నమస్కారం అండి. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ బోడుప్పల్‌లో 150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు, కట్టి పన్నెండేళ్లయింది. పైన పడమటి పడకగదిలో అమ్మగారు పడుకుంటారు. టన్నున్నర ఏసీ రాత్రి పదకొండు దాకా నడిచినా గది చల్లబడటం లేదు. ఒక కాంట్రాక్టర్ ఫాల్స్ సీలింగ్ చేసి దాని పైన గ్లాస్ వూల్, అంటే గాజు పీచుతో చేసిన దూదిలాంటి పరుపు, పరుస్తానన్నాడు. ఇంకొకాయన టెర్రస్ మీద 4 అంగుళాల థర్మోకోల్ వేయాల్సిందే అన్నాడు. మీ బావగారేమో కూల్ పెయింట్, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత చాలు, మిగతాదంతా డబ్బులు దండగ అన్నారు. ఎవరి మాట వినాలి, మెటీరియల్ ఎంత పడుతుంది అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లుగా ఉప్పల్, మల్కాజిగిరి, ఎల్బీ నగర్ వైపు ఎక్కువగా టెర్రస్ పనులే చేయిస్తున్నాను. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. తేడా వరసలో వచ్చింది. వేడి స్లాబ్‌లోకి దిగకముందే ఆపాలి, దిగనిచ్చాక కింద అడ్డం పెట్టడం రెండో మేలు. మీ బావగారి మాటతో మొదలుపెట్టి, రెండో కాంట్రాక్టర్ చెప్పిన మందంలో సగం దగ్గర ఆగితే సరిపోతుంది.

హైదరాబాద్‌లో కప్పే ఎందుకంత కాలుతుందో ముందు చూడండి. మన ఊరు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ కూడా పడదు. ఆగస్టులో మబ్బు అడ్డుపడుతుంది, మేలో ఏదీ అడ్డుపడదు. ఆ ఎండంతా గోడల మీద ఏటవాలుగా జారిపోయి డాబా మీద నిటారుగా పడుతుంది. నల్లబడిన సిమెంటు టెర్రస్ మీద మే నెల మధ్యాహ్నం నేను గన్ థర్మామీటర్‌తో (తాకకుండా దూరం నుంచి గురిపెట్టి వేడి కొలిచేది) చూసినప్పుడు 60 డిగ్రీల చుట్టుపక్కల చూపించడం మామూలే. ఐదంగుళాల స్లాబ్ పగలంతా ఆ వేడిని తాగి, మనం భోజనం చేసి పడుకునే వేళకు కిందికి కక్కుతుంది. మీ ఏసీ గాలిని చల్లబరచలేక కాదు, నెత్తిమీద ఉన్న రాతిపలకను చల్లబరచలేక ఆయాసపడుతోంది.

అయినా మీ గదిలో సెగ కప్పుదో, పడమటి గోడదో, కిటికీదో తేల్చుకోకుండా ఒక్క రూపాయి ఖర్చుపెట్టకండి. గన్ థర్మామీటర్ ఒకటి కొనండి, లేదా తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక్క రోజుకు అడిగి తెచ్చుకోండి. సాయంత్రం ఆరు గంటలకు ఏసీ ఆపి ఉన్నప్పుడు సీలింగ్, పడమటి గోడ, లోపలి గోడ, ఈ మూడూ కొలవండి. రాత్రి తొమ్మిదికి మళ్లీ కొలవండి. లోపలి గోడ కన్నా సీలింగ్ నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే దొంగ దొరికినట్టే. పడమటి గోడ కూడా దానితో పోటీపడుతుంటే అక్కడా పని ఉంది. ఒక్క జాగ్రత్త, మెరిసే ఫాయిల్ మీద, స్టీలు మీద ఆ గన్ తప్పు చూపిస్తుంది. రంగు వేసిన గోడ మీద పర్వాలేదు.

ఇప్పుడు లెక్క. ఇన్సులేషన్ కొనేటప్పుడు బ్రాండ్ కన్నా, అంగుళాల కన్నా ముందు చూడాల్సింది ఆర్ విలువ. మందాన్ని మీటర్లలో తీసుకుని, ఆ పదార్థపు కె విలువతో భాగిస్తే ఆర్ వస్తుంది. కె అంటే వేడిని ఎంత తేలిగ్గా దాటనిస్తుందో చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే అంత మేలు. కాంక్రీటుకు కె సుమారు 1.58, కాబట్టి ఐదంగుళాల స్లాబ్‌కు ఆర్ 0.08 మాత్రమే. అంటే ఏమీ లేనట్టే. ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురగ షీటుకు కె సుమారు 0.03, కాబట్టి 50 మిల్లీమీటర్లకు ఆర్ 1.67. థర్మోకోల్ కె 0.036 అనుకుంటే అదే మందానికి 1.4 దగ్గర. పఫ్ అనే పాలీయురేథేన్ నురగకు 0.024 తీసుకుంటే 2 పైచిలుకు. గ్లాస్ వూల్, రాక్‌వూల్ దాదాపు థర్మోకోల్ వరసలోనే ఉంటాయి.

మీ అమ్మగారి గది 12 బై 11 అన్నారు. 132 చదరపు అడుగులు, అంటే 12.3 చదరపు మీటర్లు. టెర్రస్ పైతలం 60 డిగ్రీలు, గది 30 డిగ్రీలు అనుకుందాం. స్లాబ్, ప్లాస్టర్, సీలింగ్ కింద అంటుకుని ఉండే గాలిపొర, అన్నీ కలిపి ఆర్ 0.26 వస్తుంది. 30ని 0.26తో భాగిస్తే చదరపు మీటరుకు 115 వాట్లు, గది మొత్తానికి 1,400 వాట్ల వేడి. ఒక టన్ను ఏసీ తోడగలిగేది 3,500 వాట్లు. అంటే మీ టన్నున్నర ఏసీలో నాలుగో వంతుకు పైగా ఒక్క స్లాబే తినేస్తోంది. నిజానికి స్లాబ్ బరువు వల్ల ఈ వేడి కొంత తగ్గి, కొన్ని గంటలు ఆలస్యంగా దిగుతుంది. పోల్చుకోవడానికి మాత్రం ఈ లెక్క చాలు.

అదే టెర్రస్‌ను తెల్లగా చేసి పైతలాన్ని 42 డిగ్రీల దగ్గర ఆపితే గదిలోకి వచ్చేది 570 వాట్లు. సగానికి పైగా రంగుతోనే పోయింది. రంగు జోలికి పోకుండా 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ మాత్రం వేస్తే 340 వాట్లు. 50 వేస్తే 190. 75 వేస్తే 134. 100 వేస్తే 103. మొదటి అంగుళం వెయ్యికి పైగా వాట్లు ఆపింది, రెండోది 150, మూడోది 56, నాలుగోది 31. మీ రెండో కాంట్రాక్టర్ 4 అంగుళాలు అన్నది ఇందుకే నాకు నచ్చలేదు. ఆ చివరి రెండు అంగుళాలూ కలిపి ఆపే వేడి ఒక సీలింగ్ ఫ్యాన్ తినే కరెంటు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఇంకో ముచ్చట. తెల్లరంగు, 25 మిల్లీమీటర్ల షీటు రెండూ కలిపితే గదిలోకి వచ్చేది 135 వాట్లు. అంటే నల్లబడిన టెర్రస్ మీద మూడంగుళాలు వేసిన దానితో సమానం! మందం అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. మరి అంగుళంతో ఆగిపోవచ్చు కదా అంటే, తెలుపు ఎల్లకాలం తెల్లగా ఉండదు. మన దుమ్ముకు, పావురాలకు, ఒక వానాకాలం పాచికి రెండేళ్లలో బూడిదరంగు తిరుగుతుంది. వాటర్‌ప్రూఫింగ్, పైన వేసే కాంక్రీటు పొర, కూలీ మాత్రం అంగుళం వేసినా రెండంగుళాలు వేసినా ఒకటే. అందుకే నేను 50 మిల్లీమీటర్లు వేయించి, పైన తెలుపు చేయిస్తాను. కేంద్రం 2018లో ఇళ్లలో కరెంటు పొదుపు కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి కప్పుకు యు విలువ 1.2 దాటకూడదంటుంది. యు అంటే బయటి గాలిపొర కూడా కలిపిన మొత్తం ఆర్‌ను తిరగేసిన అంకె (1ని ఆర్‌తో భాగిస్తే వచ్చేది). మీ స్లాబ్ ఇప్పుడు 3.3 దగ్గర ఉంది. 25తో 0.9 లోపుకు, 50తో 0.5 దగ్గరకు వస్తుంది. మీ చిన్న స్థలానికి అది చట్టం కాదు, కొలబద్దగా మాత్రం పనికొస్తుంది.

తెలుపు విషయానికొస్తే, తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాస భవనాలకు తప్పనిసరి అంది. మీ 150 గజాలకు వర్తించదు, అయినా వేడికి గజాల లెక్క లేదు కదా. పెయింట్ కొనేటప్పుడు ఎస్‌ఆర్‌ఐ ఎంత అని అడగండి. ఎండలో ఆ పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పడానికి, ప్రమాణంగా తీసుకున్న నలుపుకు 0, తెలుపుకు 100 అనుకుని ఇచ్చే అంకె అది. మంచి కొత్త తెల్ల పూత 100 చుట్టుపక్కల ఉంటుంది. డబ్బా మీద ఆ అంకె లేకపోతే అది మామూలు తెల్లరంగే. ఏటా ఫిబ్రవరి ఆఖరులో చీపురూ నీళ్లూ పెట్టి టెర్రస్ కడగకపోతే మాత్రం ఏ పెయింటైనా ఒకటే.

డబ్బు పెట్టేముందు చిన్న పరీక్ష చేయండి. అమ్మగారి గది మీద వరకు, నాలుగు వైపులా రెండడుగులు ఎక్కువ తీసుకుని, సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు కొట్టించండి. ఒక పూట పని. వారం తర్వాత రాత్రి తొమ్మిదికి ఆ గది సీలింగ్, పక్కగది సీలింగ్ కొలిచి చూడండి. మీ ఇంటికి ఏది పనిచేస్తుందో నా మాట కన్నా ఆ రెండంకెలు నమ్మకంగా చెబుతాయి. సున్నం వానకు కొట్టుకుపోతుంది, తడిస్తే కాలు జారుతుంది. అమ్మగారు బట్టలారేయడానికి పైకి వెళ్లేటట్టయితే చెప్పి ఉంచండి.

ఇక షీటు ఎంపిక. టెర్రస్ మీద మనుషులు తిరుగుతారు, పెళ్లో పేరంటమో వస్తే షామియానా వేస్తారు, నీళ్లు పడతాయి. అందుకని నా మొదటి ఓటు ఎక్స్‌పీఎస్‌కు. నీళ్లు పీల్చదు, తొక్కితే నలగదు. వాటర్‌ప్రూఫింగ్ పొర పైన పరిచినా ఇబ్బంది లేదు. పైగా ఆ పొరకు ఎండ దెబ్బ తగలకుండా గొడుగు పట్టినట్టు కాపాడుతుంది. థర్మోకోల్ చవక, కానీ సాంద్రత చూడాలి. ఐఎస్ 4671 ప్రకారం 15, 20, 25, 30, 35 సాంద్రతల్లో వస్తుంది, అంటే ఘనపు మీటరుకు అన్ని కిలోలు. టీవీ డబ్బాలో వచ్చేలాంటి 15 సాంద్రత సరుకు టెర్రస్‌కు పనికిరాదు. కనీసం 25 అడగండి, దాని పైనే వాటర్‌ప్రూఫింగ్ రావాలి. పఫ్ స్ప్రే మంచిదే, వంకరటింకర కప్పులకు బాగా అతుకుతుంది. కానీ ఎండ తగిలితే పొడిపొడిగా రాలుతుంది, పైన పూత తప్పనిసరి. మీది చదరంగా ఉన్న టెర్రస్ కాబట్టి దాని అవసరం లేదు.

ఇటుక ముక్కల కోబా కూడా చల్లదనం ఇస్తుందంటారు మేస్త్రీలు. నాలుగంగుళాల కోబాకు ఆర్ 0.12 దగ్గర వస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఆ పని చేస్తుంది. బరువేమో చదరపు మీటరుకు 200 కిలోల దాకా. వాటానికీ, వాటర్‌ప్రూఫింగ్‌కూ అది వేస్తారు, చల్లదనం కోసం వేసుకుంటే మాత్రం స్లాబ్‌కు బరువు మిగులుతుంది.

ఇప్పుడు మీ టెర్రస్ లెక్క. పిట్టగోడల లోపల 26 బై 38 అన్నారు. 988 చదరపు అడుగులు. మూలనున్న మెట్ల గది 8 బై 15, అంటే 120 తీసేస్తే 868. మెట్ల గది కప్పు వదిలేయండి, దాని కింద ఎవరూ పడుకోరు. ఎక్స్‌పీఎస్ షీటు సాధారణంగా 1250 బై 600 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది చదరపు అడుగుల పైచిలుకు. 868కి 108 షీట్లు, కోతలకు 5 శాతం కలిపితే 113. నేనైతే 115 తెప్పిస్తాను. అంచుల్లో మెట్టులాగా ఒకదాని మీద ఒకటి ఎక్కే రకం తీసుకోండి, సందుల్లోంచి వేడి దిగదు.

వాటర్‌ప్రూఫింగ్ దగ్గర చాలామంది తప్పులెక్క వేస్తారు. నేల వైశాల్యం ఒక్కటే కాదు, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. మీ చుట్టుకొలత 128 అడుగులు, కాబట్టి ఇంకో 128 కలిపితే 996. అతుకులకు 10 శాతం వేసుకుంటే సుమారు 1,100 చదరపు అడుగులు. కొటేషన్‌లో 868 అని రాస్తే ఆ కాంట్రాక్టర్ గోడ ఎక్కించడం లేదని అర్థం. లీకు మొదలయ్యేది ఆ మూలలోనే.

షీట్ల పైన కాంక్రీటు పొర సగటున 2 అంగుళాలు వేసుకోండి. నీళ్ల గొట్టం దగ్గర పలచగా, మధ్య గట్టు దగ్గర మందంగా, 8 అడుగులకు అంగుళం వాటం వచ్చేలా. 868ని 6తో భాగిస్తే 145 ఘనపుటడుగులు, అంటే 4.1 ఘనపు మీటర్లు. ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు 8 బస్తాల లెక్కన 33 బస్తాల సిమెంటు. లోపల చికెన్ మెష్ అనే సన్న ఇనుప వల, ప్రతి 8-10 అడుగులకు ఒక జాయింటు. జాయింటు లేకుండా ఒకే పలకగా పోస్తే మొదటి మే నెలలోనే పగుళ్లు చూపిస్తుంది.

ఈ పొర బరువు చదరపు మీటరుకు 120 కిలోలు, మొత్తం సుమారు పది టన్నులు. మీ టెర్రస్ మీద ఇప్పటికే కోబా ఉంటే దాని మీద ఇది వేయకండి. కోబా తీసేసి వేస్తే బరువు తగ్గుతుంది కూడా. పన్నెండేళ్ల ఇల్లు, పైగా పెంట్‌హౌస్ ఆలోచన ఉందన్నారు కాబట్టి ఇంటి ప్లాను గీసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఒకసారి చూపించండి. దీనికి నేను హామీ ఇవ్వలేను, చూడకుండా ఎవరూ ఇవ్వకూడదు.

నా సొంత ఇంటి కథ ఒకటి చెప్పాలి. మా డాబా మీద తక్కువ సాంద్రత థర్మోకోల్ పరిచి, కాంక్రీటు రేపు పోద్దామని సాయంత్రం మేస్త్రీని పంపేశాను. రాత్రి గాలివాన. తెల్లారి చూస్తే షీట్లన్నీ తేలుకుంటూ పోయి పిట్టగోడ మూలన గుట్టపడ్డాయి, ఇంకో మూడు షీట్లు పక్కింటి వాళ్ల ఆవరణలో పడ్డాయి. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని తెప్పోత్సవం అంటుంది. అప్పటి నుంచి ఎంత పరిస్తే అంత, అదే రోజు కాంక్రీటు పోయిస్తాను. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, షీట్లు పరచకముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద సీలింగ్ చూడటం కూడా మానకండి. లోపల నీళ్లు ఇరుక్కున్నాక పైనుంచి కప్పేస్తే లీకు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఫాల్స్ సీలింగ్ కాంట్రాక్టర్ చెప్పింది పూర్తిగా కొట్టిపారేయను. అమ్మగారి గది ఒక్కటే, రాత్రి మాత్రమే ఏసీ అనుకుంటే స్లాబ్ కింద ఇన్సులేషన్‌కు ఒక లాభం ఉంది. ఏసీ వేసిన పది నిమిషాల్లో చల్లదనం తెలుస్తుంది, ఎందుకంటే స్లాబ్‌ను చల్లబరిచే పని తప్పింది. ఫ్లాట్‌లో ఉండి టెర్రస్ మీద హక్కు లేనివాళ్లకు కూడా దారి ఇదే. కానీ స్లాబ్ పైనుంచి కాలుతూనే ఉంటుంది, వ్యాకోచించి పగుళ్లు తెచ్చుకుంటూనే ఉంటుంది. లీకైతే జిప్సం మీద మరక పడేదాకా తెలియదు, తడిసిన గ్లాస్ వూల్ పనికిరాదు. గది ఎత్తు ఆరంగుళాలు తగ్గి ఫ్యాన్ కిందికొస్తుంది. అయినా వేయిస్తానంటే 25 కాదు, 50 మిల్లీమీటర్లు అడగండి, సాంద్రత కొటేషన్‌లో రాయించండి. ఫాయిల్ ఉన్న రకమైతే ఫాయిల్ ముందు కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, దేనికైనా ఆనించి నొక్కేస్తే ఆ మెరుపు వృథా. గదిలోపల థర్మోకోల్ మాత్రం బయటికి కనిపించేలా ఎప్పుడూ అంటించవద్దు, నిప్పు అంటుకుంటే విషపు పొగ.

ఇక పడమటి కిటికీ. 4 బై 4 అన్నారు. మేలో సాయంత్రం నాలుగింటికి నేరుగా ఎండ పడే మామూలు అద్దం కిటికీ ఆ కొలతకు 500 వాట్లకు పైగా వేడి లోపలికి పంపుతుంది. తెల్లగా చేసిన టెర్రస్ పంపేదానికి దాదాపు సమానం! లోపల మందపాటి కర్టెన్ వేస్తే వేడి గదిలోకి వచ్చేశాక ఆపినట్టు. బయట వెదురు తడక వేలాడదీయండి, లేదా గ్రీన్ నెట్ కట్టండి. గోడ 9 అంగుళాల ఎర్ర ఇటుకైతే దాని జోలికి పోకండి, బయట లేత రంగు చాలు.

సోలార్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. 3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు పడుతుంది, పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఆ పలకల నీడ అమ్మగారి గది మీద పడేలా పెట్టించుకుంటే రెండు పనులు జరుగుతాయి. కానీ స్టాండ్ల కాళ్లు వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే నాటాలి. తర్వాత డ్రిల్లు పెట్టి బోల్టులు కొట్టారా, పైన చెప్పిన లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

రేట్లు నేను రాయడం లేదు, నెలనెలా మారుతున్నాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో రెండు చోట్ల అడగండి. ఏ కొటేషన్ వచ్చినా చదరపు అడుగు షీటు ధరను దాని ఆర్ విలువతో భాగించండి. థర్మోకోల్ ధరను 1.4తో, ఎక్స్‌పీఎస్ ధరను 1.67తో. అప్పుడు ఏది నిజంగా చవకో తెలుస్తుంది. కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్‌లో కె ఎంతుందో చూసి ఆ అంకెతోనే భాగించండి, నా అంకెలతో కాదు.

ఇప్పుడు ఏప్రిల్ సగం అయిపోయింది. ఈ వారం సున్నం, కిటికీకి తడక. టెర్రస్ తవ్వే పని ఇప్పుడు మొదలుపెట్టకండి, జూన్ వాన నడిమధ్యలో పట్టుకుంటుంది. కొటేషన్లు తెప్పించి ఉంచుకోండి, పని నవంబర్‌లో పెట్టుకోండి. సున్నం వేసిన వారం తర్వాత రాత్రి తొమ్మిది గంటల కొలతలు రెండు గదులవీ రాయండి, 50 మిల్లీమీటర్లు కావాలో 25తో సరిపోతుందో అవి చూసి చెబుతాను.